కొంగ, గుడ్లగూబ, గబ్బిలం: ఒక తోట ప్రశ్నకు టారో డెక్ ఎంపిక

ఈ కేసులో మొదటి రీడింగ్‌ను, అంటే టారో అనే బొమ్మల కార్డులు వేసి చదవడాన్ని, చెడగొట్టింది నేనే. తప్పు కార్డులదీ కాదు, వచ్చినావిడదీ కాదు. అందుకే జరిగినదంతా వరసగా రాస్తున్నాను. రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

ఆవిడకు నలభై ఆరేళ్లు. విశాఖపట్నంలో ఒక బడిలో లెక్కలు చెబుతారు. పుట్టింది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో. అక్కడ తండ్రికి జీడిమామిడి, కొబ్బరి కలిపి మూడెకరాల తోట ఉండేది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చిపోయాక చూస్తే, నిలబడి ఉన్న చెట్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తండ్రి మళ్లీ మొక్కలు నాటారు. కొబ్బరి కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. ఆయన అంతవరకు ఉండలేదు. ఇప్పుడు తమ్ముడు తోట అమ్మేద్దామంటున్నాడు, అక్క సంతకం కావాలి. "పెట్టనా, వద్దా?" అదీ ప్రశ్న.

సంతకం సంగతి కార్డులు తేల్చవని మొదటే చెప్పాను. ఎవరు వచ్చినా చెబుతాను. హక్కు, వాటా, ధర న్యాయవాదితో మాట్లాడుకోవలసినవి. నా బల్ల దగ్గర జరిగేది వేరు. మనిషి ముందు ఒక బొమ్మ పెడితే, మనసులో ఎక్కడో అడుగున ఉన్న మాట దాని వంకతో పైకి వస్తుంది. చిలక జోస్యం చెప్పేవాళ్లకు ఈ కిటుకు ఎప్పటినుంచో తెలుసు. చిలక లాగిన కార్డు మీద ఆంజనేయుడు కనబడగానే, జోస్యుడు నోరు తెరవకముందే ఎదుటివాడి మొహం విప్పారుతుంది. ఆ బొమ్మ ఇద్దరికీ తెలిసినదే కావడం వల్ల అక్కడ పని సులువు. టారోలో మనకు ఆ సౌకర్యం లేదు. బొమ్మ ఎక్కడిదో, దాన్ని చూసి ఇక్కడి మనిషికి ఏం తోస్తుందో చదివేవాళ్లే చూసుకోవాలి. నేను చూసుకోలేదు.

నేను చదవడం నేర్చుకున్నది రైడర్ వెయిట్ డెక్ (కార్డుల కట్ట) మీద. 1909 డిసెంబరులో లండన్‌లో వెలువడిన డెక్ అది. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ చెప్పగా పమేలా కోల్మన్ స్మిత్ బొమ్మలు గీసింది. మొత్తం 78 కార్డులు. ఇరవై రెండు పెద్దవి (సైజులో కాదు, ప్రాధాన్యంలో), మిగతా యాభై ఆరు మన పేక లాగే నాలుగు సూట్లు: కర్రలు, పాత్రలు, కత్తులు, నాణేలు. (మన ఇస్పేటు అనే మాటకు మూలం కూడా కత్తే.) అంతకుముందు చాలా డెక్కుల్లో చిన్న (అంకెల) కార్డుల మీద ఆరు నాణేలంటే ఆరు నాణేలే ఉండేవి. స్మిత్ ప్రతిదానికీ ఒక కథలాంటి బొమ్మ వేసింది. ఈ రోజు మార్కెట్లో దొరికే డెక్కుల్లో ఎక్కువ భాగం ఆమె గీతల మీదే నడుస్తున్నాయి.

అయితే ఆ డెక్ మీద క్రైస్తవ మతపెద్ద పోప్ ఉంటాడు, బాకా ఊదే దేవదూత ఉంటాడు, కొమ్ముల సైతాను ఉంటాడు. మన దగ్గర కొందరు అవి చూసి ముడుచుకుపోతారు. అలాంటివారి కోసం చెట్టూ పిట్టా ఉన్న డెక్కులు కొనడం మొదలుపెట్టాను. వాటికి మతం లేదు, దేశం లేదు, అందరికీ అర్థమవుతాయి అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

తోట మనిషి కాబట్టి అడవి డెక్ అని, ఆవిడకు వైల్డ్‌వుడ్ టారో తీశాను. ఎంపికకు నేను పెట్టిన ఆలోచన అంతే. మార్క్ రయాన్, జాన్ మాథ్యూస్ రూపొందించగా విల్ వర్దింగ్టన్ బొమ్మలు వేసిన ఆ డెక్ 2011లో వచ్చింది. 1996 నాటి గ్రీన్‌వుడ్ టారో దానికి మాతృక. బొమ్మలు నిజంగా అందమైనవి. కర్రల బదులు విల్లులు, కత్తుల బదులు బాణాలు, నాణేల బదులు రాళ్లు ఉంటాయి, పాత్రలు పాత్రలుగానే ఉంటాయి. రాజు, రాణి వంటి కొలువు కార్డులన్నీ జంతువులూ పక్షులే.

మూడు కార్డులు వేశాను. తోట, తమ్ముడు, నేను.

తోట దగ్గర బ్లాస్టెడ్ ఓక్ వచ్చింది. పాత డెక్‌లో టవర్ అనే కార్డుకు ఇక్కడి రూపం, పిడుగు పడి చీలిన ఓక్ చెట్టు. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇది మాకు జరిగిపోయిందండీ" అన్నారు. ఈ కార్డంటే కూలవలసింది కూలడం, గట్టిదనుకున్నది కదలడం అని నేను మొదలుపెట్టాను. వినలేదు. ఎలా వింటారు? అవతలి వైపు చూస్తే, రైడర్ వెయిట్‌లో కూలుతున్నది రాతి గోపురం. దాన్ని చూసి ఎవరూ మా ఇల్లు అనుకోరు, అందుకే దాన్ని ఉద్యోగానికో పెళ్లికో అన్వయించుకునే జాగా ఉంటుంది. చెట్లు పోగొట్టుకున్న మనిషి ముందు విరిగిన చెట్టు పెడితే ఆ జాగా ఉండదు. చెట్టు చెట్టే.

తమ్ముడి దగ్గర కింగ్ ఆఫ్ వెసెల్స్, అంటే పాత్రల రాజు. కొంగ. ఆవిడ మొదటిసారి నవ్వారు. "కొంగేనండీ. జపం చేస్తున్నాడు." మూడు నెలలుగా తమ్ముడు రోజూ సాయంత్రం ఫోను చేసి అక్క ఆరోగ్యం అడుగుతున్నాడట. అంతకుముందు పండగకు ఒకసారి చేసేవాడట.

అక్కడ నేను ఊరుకుని వినాలి. వినకుండా, "కాదండీ, ఈ డెక్‌లో కొంగ మంచిది, నిలకడకూ ఓర్పుకూ గుర్తు" అన్నాను. నేను చెప్పింది ఆ డెక్ ప్రకారం సరైనదే. కానీ కొంగ జపం అనే మాట వింటూ పెరిగిన మనిషికి, కొంగను చూపించి ఇది జపం కాదు అని చెప్పడం ఏం తెలివి? ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత ఆవిడ నోటి నుంచి కొత్త మాట ఒక్కటీ రాలేదు.

మూడోది సిక్స్ ఆఫ్ స్టోన్స్, అంటే ఆరు రాళ్లు. ఈ డెక్‌లో చిన్న కార్డులన్నిటి మీదా ఒక ఇంగ్లీషు మాట అచ్చువేసి ఉంటుంది. దీని మీద ఉన్నది 'ఎక్స్‌ప్లాయిటేషన్'. దోపిడీ. నేను నోరు తెరిచేలోపే ఆవిడ చదివేశారు. చేతిసంచి జిప్పు లాగి, "చాలండీ" అన్నారు. డబ్బు తీసుకోలేదు నేను.

ఆ రాత్రి రెండు డెక్కులనూ పక్కపక్కన పరిచి చూశాను. రైడర్ వెయిట్‌లో అదే ఆరో నాణేల కార్డులో ఒక వర్తకుడు తక్కెడ పట్టుకుని ఇద్దరు బిచ్చగాళ్లకు డబ్బు వేస్తుంటాడు. దానం అని చదువుతాం. ఇచ్చేవాడి చెయ్యి పైన, పుచ్చుకునేవాడి చెయ్యి కింద అని కూడా చదవవచ్చు. వైల్డ్‌వుడ్ ఆ రెండో అర్థాన్ని మాత్రమే పట్టుకుని మాటగా అచ్చువేసింది. ఇలాంటివి అందులో ఇంకా ఉన్నాయి. పదో కత్తి పాత డెక్‌లో వీపున పది కత్తులు దిగి పడి ఉన్న మనిషి, వైల్డ్‌వుడ్‌లో పదో బాణం మీద 'ఇన్‌స్ట్రక్షన్', అంటే బోధ. ఐదో పాత్ర అక్కడ ఒలికిన పాత్రల ముందు దుఃఖం, ఇక్కడ 'ఎక్‌స్టసీ', పరమానందం. తప్పని అనను. అది వేరే కట్టడం, దాని నియమాలు దానివి. కానీ ఒక డెక్ అర్థాలు బట్టీపట్టి ఇంకో డెక్ మీద చదివేవాళ్లు ఇక్కడే బోర్లాపడతారు. కొనేముందు ఈ మూడు కార్డులు తీసి చూసుకుంటే చాలు, ఆ డెక్ పాత దారిలో పోతోందా, సొంత దారి వేసుకుందా తెలిసిపోతుంది.

ఇంకో చిక్కు కాలం. వైల్డ్‌వుడ్ కార్డులు బ్రిటన్ ఏడాది చక్రం మీద అమర్చినవి. బాణాలు వసంతం, విల్లులు వేసవి, పాత్రలు శరదృతువు, రాళ్లు చలికాలం. నట్టచలికాలంలో అంతా మూతపడి, ముసుగు వేసుకున్న మనిషి ఒక్కడు లాంతరుతో ఉంటాడు. అది అక్కడి నిజం. ఉద్దానంలో ఆ రోజుల్లో సంక్రాంతి, ఇంటి నిండా జనం. జీడి తోటలో పని ముమ్మరమయ్యేది ఎండలు ముదిరాక. చెట్లు కూలిపోయేది ఆశ్వయుజ కార్తికాల్లో. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరులోనే. ఆ చక్రాన్ని ఇక్కడ తిప్పాలంటే ఇరుసే మార్చుకోవాలి.

రెండు వారాల తర్వాత ఫోను చేసి, తప్పు నాదని చెప్పి, ఈసారి ప్రశ్న లేకుండా ఊరికే బొమ్మలు చూడటానికి రమ్మన్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చారు.

బల్ల మీద నాలుగు డెక్కులు పెట్టాను. రైడర్ వెయిట్, వైల్డ్‌వుడ్, కిమ్ క్రాన్స్ గీసిన ది వైల్డ్ అన్‌నోన్, జోవానా పవెల్ కోల్బర్ట్ గీసిన గయన్ టారో. హెర్బల్ టారో కూడా ఉంది కానీ బయటికి తీయలేదు. ఆకులూ వేళ్లూ మందుల కోణంలో చూసే డెక్ అది, ఈ ప్రశ్నకు పనికిరాదు. ఒక్కో డెక్ నుంచీ అవే కార్డులు ఏరి పక్కపక్కన పెట్టాను. ఆవిడ పని ఏం కనిపిస్తే అది చెప్పడం. నా పని నోరు మూసుకుని రాసుకోవడం. నోటుపుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

టవర్. రైడర్ వెయిట్‌ది చూసి "సినిమాలో కోట" అన్నారు. వైల్డ్ అన్‌నోన్‌లో అది మెరుపు తగిలిన చెట్టు. ఏమీ అనకుండా బోర్లించారు. వైల్డ్‌వుడ్‌ది నేనే పెట్టలేదు.

డెవిల్. పాత డెక్ సైతానును వేలితో పక్కకు జరిపారు. వైల్డ్ అన్‌నోన్‌లో మేక. "ఇది నిజంగా దయ్యమే. కొత్త మొక్క ఒక్కటి బతకనివ్వదు" అన్నారు. నేను నవ్వాను, ఆవిడ నవ్వలేదు. గయన్‌లో డెవిల్ స్థానంలో బైండ్‌వీడ్ అనే అల్లుకునే కలుపుతీగ ఉంటుంది. దాన్ని చేతిలోకి తీసుకున్నారు. "పైన పీకితే లాభం లేదండీ. వేరు ముక్క మిగిలినా మళ్లీ లేస్తుంది." ఈ మొక్కను ఆవిడ ఎప్పుడూ చూసి ఉండరు. ఆ డెక్ పుట్టింది అమెరికా వాయవ్య తీరంలో. అయినా కలుపు ఎక్కడైనా కలుపే కాబట్టి కార్డు తన పని తాను చేసింది.

హెర్మిట్, అంటే ఏకాంతవాసి. పాత డెక్ ముసలాయన "ఎవరినో వెతుకుతున్నాడు". వైల్డ్‌వుడ్ ముసుగు మనిషి "చలి. ఎవరూ లేరు". వైల్డ్ అన్‌నోన్‌లో తాబేలు, దాని డిప్ప మీద వెలుగుతున్న లాంతరు. ఆవిడ ఒకే మాట అన్నారు: "శ్రీకూర్మం." తర్వాత పది నిమిషాలు ఆగకుండా మాట్లాడారు. చిన్నప్పుడు నాన్న గుడికి తీసుకెళ్లడం, అక్కడి నక్షత్ర తాబేళ్లకు ఆకు అందించడం, తమ్ముడు భయపడి నాన్న పంచె పట్టుకోవడం. ఆవిడ నోట తమ్ముడు అనే మాట కోపం లేకుండా వినడం నాకు అదే మొదలు.

నాణేల రాజు. రైడర్ వెయిట్‌లో ద్రాక్ష తీగల మధ్య సింహాసనం. వైల్డ్‌వుడ్‌లో తోడేలు. "భూమికి తోడేలు రాజేమిటి?" అన్నారు. లెక్కల మాస్టారి ప్రశ్న, నా దగ్గర చిన్న జవాబు లేదు. గయన్‌లో రాజులు రాణులు లేరు, బిడ్డ నుంచి వృద్ధుడి దాకా మనిషి దశలు ఉంటాయి. వైల్డ్ అన్‌నోన్‌లోనూ రాజులు లేరు. ఫాదర్, మదర్, సన్, డాటర్ ఉంటారు. నాణేల ఫాదర్ కొమ్ముల జింక. కింద ఉన్న ఆ పేరు చదివి, కార్డు మీద చెయ్యి అలాగే ఉంచేశారు.

ఎంపిక అక్కడే అయిపోయింది. నేను తోట ప్రశ్న అనుకున్నది తోట ప్రశ్న కాదు, ఇంటి ప్రశ్న. ఈ నాలుగింటిలో ఇంటి మనుషుల పేర్లు కొలువు కార్డులకు పెట్టుకున్న డెక్ వైల్డ్ అన్‌నోన్ ఒక్కటే. గయన్ వైపు కాస్త ఊగాను, బొమ్మలు ఆవిడకు దగ్గరగా ఉన్నాయి కాబట్టి. కానీ అందులో నిండుగా మనుషుల మొహాలున్నాయి, అవి పరాయి మొహాలు. జింక మొహంలో నాన్నను చూసుకోవడం, ఎవరో అమెరికా పెద్దాయన మొహంలో చూసుకోవడం కంటే తేలిక.

వైల్డ్ అన్‌నోన్ గురించి కొనేవాళ్ల కోసం రెండు మాటలు. 2012లో రచయిత్రి సొంతంగా వేసుకున్న డెక్ ఇది, 2016లో హార్పర్‌కాలిన్స్ ద్వారా మళ్లీ వచ్చింది. నల్లగీతలు, అక్కడక్కడా రంగు చారలు. మనుషులు లేరు. చిన్న కార్డుల్లో చాలావాటిలో కథ ఉండదు, కర్రలూ కత్తులూ ఎలా పడి ఉన్నాయో చూసి చదవాలి. రైడర్ వెయిట్ బాగా వంటబట్టకముందు దీన్ని పట్టుకుంటే తడబడతారు. బొమ్మ చూసి కథ అల్లుకోవడం ఇష్టమైనవారికి వైల్డ్‌వుడ్ మేలు. ఇంకో సంగతి, ఆన్‌లైన్లో నాలుగో వంతు ధరకు దొరికేవి సాధారణంగా నకళ్లే. నేనూ ఒకసారి కొని మోసపోయాను. సన్న గీతలన్నీ అలికిపోయి, తాబేలు బురదముద్దలా ఉంది, పుస్తకం బదులు క్యూఆర్ కోడ్ ముక్క ఒకటి వచ్చింది.

ఒక్క చిక్కు మిగిలింది. ఈ డెక్‌లో కత్తుల కుటుంబమంతా గుడ్లగూబలు. మన ఇళ్లలో గుడ్లగూబ వాలిందంటే శాంతి చేయించేవాళ్లున్నారు. ఆ నాలుగు కార్డులు తీసేసి చదివేవాళ్లను చూశాను, నాకు నచ్చదు. డెక్ అంటే మొత్తం డెక్కే. కార్డులు కలపకముందే ఆ నాలుగూ చూపించి, ఇది మీకేమిటి అని అడిగాను. "ఇంటి మీద వాలితే చెడ్డదనేది మా అమ్మ. తోటలో ఉంటే నాన్న తోలనిచ్చేవాడు కాదు. ఎలుకల్ని పట్టేది అదేగా." సరే, మన రీడింగ్‌లో గుడ్లగూబ తోటలోనే ఉంటుంది అని ఒప్పందం చేసుకున్నాం.

ఈసారి స్థానాలు మార్చాను. నాన్న వదిలినది, నా చేతిలో ఉన్నది, మా ఇద్దరి మధ్య ఉన్నది. ఆవిడే కలిపి, ఎడమచేత్తో కోశారు.

నాన్న వదిలినది: మదర్ ఆఫ్ పెంటకిల్స్, అంటే నాణేల తల్లి. ఆడజింక, పక్కన పిల్ల. నేను పుస్తకంలో అర్థం చెప్పలేదు. అడిగే అవసరం కూడా రాలేదు. "నాన్న వదిలింది అమ్మను కదండీ" అన్నారు. అమ్మ అక్కడే, తోట పక్క ఇంట్లో, ఒక్కతే ఉంటోంది. తోట అమ్మాలా వద్దా అని అక్కాతమ్ముళ్లు ఆర్నెల్లుగా వాదించుకుంటున్నారు. అమ్మను ఎవరూ అడగలేదు. పాత డెక్‌లో ఇదే కార్డు నాణేల రాణి. రాణి అని ఉంటే ఆ మాట వచ్చేదో లేదో.

నా చేతిలో ఉన్నది: డాటర్ ఆఫ్ సోర్డ్స్, అంటే కత్తుల కూతురు. గుడ్లగూబ. ఆవిడ నా వైపు చూసి, "ఎలుకలు" అన్నారు. తర్వాత నెమ్మదిగా, తుపాను తర్వాత తోట మీద ఎంత వచ్చింది, ఎంత పోయింది అన్న లెక్క తానెప్పుడూ అడగలేదని, అడగకుండానే తమ్ముణ్ని దొంగను చేశానని అన్నారు. లెక్కలు చెప్పే మనిషికి లెక్క అడగడం మొహమాటమైంది.

మధ్య ఉన్నది: హ్యాంగ్డ్ మ్యాన్. తలకిందులుగా వేలాడే గబ్బిలం. ఈ కార్డు నేను వందలసార్లు చదివి ఉంటాను. ఆగండి, తొందరపడకండి, తలకిందులుగా చూడండి. నోటిదాకా వచ్చింది. కొంగ గుర్తొచ్చి ఆగాను.

ఆవిడ కార్డును తిప్పి గబ్బిలాన్ని నిలువుగా పెట్టి చూశారు. మళ్లీ వేలాడదీశారు. "ఇవి రాత్రంతా జీడిపండ్లు తిని గింజలు కింద వదిలేస్తాయి. ఎక్కడో ఒక చెట్టు కింద కుప్పగా పడి ఉంటాయి. తెల్లారకముందే నాన్న సంచి పట్టుకుని వెళ్లి ఏరేవాడు. మేమిద్దరం టార్చిలైటు పట్టుకునేవాళ్లం. ఎవరు ఎక్కువ ఏరితే వాళ్లకు రూపాయి."

"ఎవరికి వచ్చేది?"

"వాడికే. నేను నా గింజలు వాడి సంచిలో వేసేదాన్ని."

ఆ తర్వాత నేనేమీ చదవలేదు. కార్డులు ఎత్తేసి టీ పెట్టాను.

తర్వాతి సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే నాకు తెలిసింది అంతే. ఆవిడ ఊరికి వెళ్లి అమ్మతో రెండు రోజులున్నారు. అమ్మ ఏం చెప్పిందో నాకు చెప్పలేదు. తమ్ముడు లెక్కల కాగితాలు ఇచ్చాడు, అందులో ఆవిడ అనుకున్నంత ఎలుకలూ లేవు, అసలు లేకపోనూ లేవు. ఆ ఏడాది జీడి కాపు దిగేవరకు అమ్మకం ఆపుదామని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ తర్వాత అమ్మారో లేదో అడగలేదు.

నా వైపు మారినవి రెండు. వైల్డ్‌వుడ్‌ను ఇప్పుడు నాకు నేను చదువుకోవడానికే ఉంచుకున్నాను, ఎదుటివారికి తీయాల్సి వస్తే చిన్న కార్డుల కింది మాట మీద సన్నని కాగితం పట్టీ వేస్తాను. రెండోది, వైల్డ్ అన్‌నోన్ కోసం పెట్టుకున్న నోటుపుస్తకంలో ప్రతి జంతువు పక్కన ఖాళీ వదిలి, ఎవరు ఏ ఊరివారు ఏమన్నారో రాసుకుంటున్నాను. మేక కింద ఇప్పటికి నాలుగు తిట్లున్నాయి. గబ్బిలం ఎదురుగా 'వేచి ఉండటం' అని పాత సిరాతో ఉన్నదాని కింద, కొత్త సిరాతో ఒక వరస: 'ఉద్దానం. వదిలేసినది ఏరుకోవడం. చీకటితోనే వెళ్లాలి.'